అరిగిన గుజ్జు మళ్లీ వస్తుందా?

ఫాక్‌లాండ్ రోడ్ చాళ్లలో ఇంటింటా మోకాళ్ల నొప్పులు
'కణ చికిత్స' కరపత్రాలతో కొత్త ఆశలు
ఎవరికి పనికొస్తుంది? ఎవరికి డబ్బు దండగ?

ముంబయి: తెల్లవారకముందే కామాఠిపురా గల్లీల్లో మెట్ల చప్పుడు మొదలవుతుంది. పాత చాల్‌లో మెట్లు చెక్కవి. నిట్టనిలువుగా ఉంటాయి. పాలకు ఒకసారి, కూరగాయలకు ఒకసారి, మందులకు ఒకసారి దిగాలి. దిగినన్నిసార్లూ ఎక్కాలి. వయసులో ఉన్నప్పుడు ఆ మెట్లకు లెక్కే లేదు. అరవై దాటాక ప్రతి మెట్టూ లెక్కే.

"ఏమైంది పెద్దమ్మా, కుంటుతున్నవ్?" అని అడిగితే చాళ్లలో వినిపించే జవాబు ఒకటే. "గుజ్జు అరిగింది బిడ్డా."

ఆ మాట వెనకే ఇంకో మాట నడుస్తోంది. "గుజ్జు మళ్లీ పెంచుతరట. కోత లేదట. సూది వేస్తే సాలట." కరపత్రం మీద ఎర్రగా మెరిసే మోకాలి బొమ్మ ఉంటుంది. కింద ఫోన్ నంబరు ఉంటుంది. ఖర్చు మాత్రం ఉండదు. ఫోన్ చేశాక తెలిసే ఆ లెక్క విని కొడుకులు, కోడళ్లు గుసగుసలాడుకుంటారు. గాజులు తాకట్టు పెడదామా? ఊళ్లో ఉన్న నాలుగు గుంటలు అమ్ముదామా? అమ్మితే మాత్రం నాయిన మళ్లీ మెట్లెక్కుతాడా?

ఈ ప్రశ్నకు జవాబుంది. అది కొందరికి అవును, చాలామందికి కాదు. ఆ కొందరెవరో, చాలామందెవరో తెలియకుండా గాజులు తీయొద్దు.

బరువులు మోసిన కాళ్లు

ఈ వీధులకూ మోకాళ్లకూ ఉన్న బంధం ఈనాటిది కాదు. 18వ శతాబ్దం చివర్లో బొంబాయి పల్లపు నేలలు మెరకగా మారుతున్న కాలంలో నిజాం రాజ్యం నుంచి తెలుగు కూలీలు వచ్చి ఇక్కడ దిగారు. రాళ్లు మోశారు, మట్టి మోశారు, గోడలు కట్టారు. నగరం వాళ్లను కామాఠీలు అంది. వాళ్లున్న చోటు కామాఠిపురా అయింది. పక్కనున్న రోడ్డుకు 1848 నుంచి 1853 దాకా బొంబాయి గవర్నరుగా చేసిన లార్డ్ ఫాక్‌లాండ్ పేరు పెట్టారు. ఇప్పుడది కాగితాల మీద పట్ఠే బాపూరావ్ మార్గ్. జనం నోట మాత్రం ఫాక్‌లాండ్ రోడ్డే.

తర్వాత కరీంనగర్, నల్గొండ, పాలమూరు, నిజామాబాద్ వైపు నుంచి జనం వస్తూనే ఉన్నారు. పద్మశాలీలు బట్టల మిల్లుల్లో చేరారు. పాలమూరు వాళ్లు కట్టడం పనుల్లో కుదిరారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మగ్గాల ముందు షిఫ్టంతా నిలబడ్డ కాళ్లు మూటలు మోసే పనికి, తోపుడు బళ్లకు మళ్లాయి. బరువులు ఎత్తడం, గంటల కొద్దీ గొంతుక్కూర్చోవడం, మోకాళ్లపై వంగి పనిచేయడం ఏళ్ల తరబడి సాగితే కీళ్లు అరిగే ముప్పు ఎక్కువని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. ఈ గల్లీల్లో ఆ మూడు పనులూ చేయని ఇల్లు అరుదు.

పైగా చాల్ మెట్లు. కృత్రిమ కీలులో కొలిచే పరికరం అమర్చి జర్మనీ పరిశోధకులు 2010లో లెక్కలు ప్రచురించారు. నడిచేటప్పుడు మోకాలి మీద శరీర బరువుకు రెండున్నర రెట్ల భారం పడుతుంది. మెట్లు దిగేటప్పుడు అది దాదాపు మూడున్నర రెట్లు. అరవై కిలోల మనిషి మెట్టు దిగితే ఆ ఒక్క కాలి మీద రెండు క్వింటాళ్లు దిగినట్టే. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే మోకాలు ఎందుకు ఎక్కువ సలుపుతుందో ఇప్పుడర్థమవుతుంది.

గుజ్జు కాదు.. గట్టి పొర

అసలు తికమక అంతా 'గుజ్జు' అనే మాటతోనే వచ్చింది. గుజ్జు అనగానే చింతపండు గుజ్జులా, మెత్తగా, జారుగా ఉండేది మనసులో మెదులుతుంది. అయిపోతే మళ్లీ పోసుకోవచ్చు అనిపిస్తుంది. సూదితో నింపుతామంటే నమ్మబుద్ధవుతుంది.

మోకాలిలో ఉన్నది అలాంటిది కాదు. తొడ ఎముక కింది కొసకు, కాలి ఎముక పై కొసకు, చిప్ప లోపలి వైపుకు అతుక్కుని తెల్లగా, నున్నగా, గట్టిగా ఉండే పొర అది. చిప్పకు అంటుకున్న లేత కొబ్బరిని తలుచుకుంటే సరిపోతుంది. మందం కొన్ని మిల్లీమీటర్లే. దాన్నే డాక్టర్లు కార్టిలేజ్ అంటారు, పుస్తకాల్లో మృదులాస్థి అని రాస్తారు. కీలులో జారుగా ఉండే ద్రవం వేరు. అది నూనె లాంటిది. ఇది పొర.

ఈ పొరలో రక్తనాళాలు లేవు. నరాలు కూడా లేవు. చర్మం తెగితే రక్తం వస్తుంది, ఆ రక్తమే మరమ్మతు సామగ్రిని మోసుకొస్తుంది. ఇక్కడ ఆ దారే లేదు. ఉన్న కణాలు కూడా తక్కువ. పొర మొత్తంలో వాటి వాటా నూటికి అయిదు వంతులు దాటదు.

ఈ సంగతి లండన్ వైద్యుడు విలియం హంటర్ 1743లోనే రాశాడు. కార్టిలేజ్ ఒకసారి నాశనమైతే తిరిగి రాదని చెప్పాడు. 2016లో డెన్మార్క్ పరిశోధకులు దీన్ని ఇంకో దారిలో పరీక్షించారు. 1950లు, 60లలో జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన ఓ రకం కార్బన్ ఆ కాలపు మనుషుల ఒంట్లోనూ చేరింది. దాని ఆనవాళ్లతో మోకాలి పొర వయసు లెక్క కట్టారు. పొరకు బలమిచ్చే కొలాజెన్ పోగులు ఎదిగే వయసులో ఏర్పడి, పెద్దయ్యాక దాదాపుగా మారడం లేదని తేలింది.

నేతపని తెలిసిన ఇళ్లకు ఇంకో తీరుగా చెప్పొచ్చు. ఈ పోగులు పడుగు లాంటివి. పడుగు ఒక్కసారే సాగుతుంది. దానిమీదే జీవితమంతా నడవాలి.

ఒకచోట చిరిగితే రఫ్ఫు..

మరి కణ చికిత్స అంతా ఉత్తదేనా? కాదు. అది నిజమైన వైద్యమే. కాకపోతే అది ఓ రకం మోకాలి కోసం పుట్టింది.

చీర ఒకచోట చిరిగితే రఫ్ఫు చేయొచ్చు. చుట్టూ గుడ్డ గట్టిగా ఉంటేనే ఆ రఫ్ఫు నిలుస్తుంది. చీరంతా పిగిలిపోతే సూది ఎక్కడ గుచ్చినా అక్కడే చిరుగుతుంది. మోకాలి పొరకూ అదే సూత్రం.

ఫుట్‌బాల్ ఆడుతూనో, బండి మీద నుంచి పడో పాతికేళ్ల కుర్రాడికి పొరలో రూపాయి బిళ్లంత మేర ముక్క ఊడిందనుకుందాం. మిగతా కీలు బాగుంది. ఇలాంటివాళ్లకు మూడు ప్రధాన దారులున్నాయి.

మొదటిది, గాయం ఉన్నచోట ఎముకకు సన్నని రంధ్రాలు వేయడం. 1980లలో అమెరికా వైద్యుడు రిచర్డ్ స్టెడ్‌మన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. రంధ్రాల్లోంచి రక్తం, మజ్జ కణాలు పైకొచ్చి అతుకు కడతాయి. అయితే ఆ అతుకు అసలు పొరంత గట్టిది కాదు. చిన్న గాయాలకే ఇది నప్పుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఫలితం తగ్గొచ్చు.

రెండోది, బరువు పడనిచోట నుంచి ఎముకతో సహా చిన్న చిన్న పొర ముక్కలు తీసి గాయంలో దిగ్గొట్టడం. గాయం పెద్దదైతే తీయడానికి అన్ని ముక్కలు దొరకవు.

మూడోది, అసలు కణాల సాగు. రోగి మోకాలి నుంచే బియ్యపు గింజలంత పొర తీస్తారు. ప్రయోగశాలలో కొన్ని వారాలు పెట్టి కణాల సంఖ్య పెంచుతారు. రెండోసారి ఆపరేషన్ చేసి గాయంలో నాటుతారు. స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో 1987లో మొదలైన ఈ పద్ధతి ఫలితాలు 1994లో ప్రపంచానికి తెలిశాయి. మొత్తం 23 మందికి చేశారు. తొడ ఎముక కొస మీద గాయం ఉన్న 16 మందిలో 14 మందికి మంచి ఫలితం కనిపించింది. చిప్ప కింద గాయం ఉన్న ఏడుగురిలో ఇద్దరికే బాగుంది. అంటే మొదటి రోజు నుంచే ఈ చికిత్స ఎక్కడ నాటాలో, ఎవరికి నాటాలో చూసుకుని నడవాల్సిందే.

ఈ వైద్యం మన దేశానికీ వచ్చింది. ముంబయికే చెందిన రీగ్రో బయోసైన్సెస్ కంపెనీ తయారుచేసే కార్టిగ్రో అనే సొంత కణాల చికిత్సకు 2017లో కేంద్ర ఔషధ నియంత్రణ విభాగం అనుమతి ఇచ్చింది. అదే ఏడాది బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ కూడా సొంత కణాల నాటుకు ఒప్పుకుంది. అయితే షరతులు పెట్టింది. గాయం రెండు చదరపు సెంటీమీటర్ల కన్నా పెద్దదై ఉండాలి. ఆ మోకాలికి అంతకుముందు పొర మరమ్మతు ఆపరేషన్ జరిగి ఉండకూడదు. కీలు అరుగుదల చాలా కొద్దిగా మాత్రమే ఉండాలి.

ఆ చివరి షరతు దగ్గరే మన పెద్దమ్మ, పెద్దనాయన ఆగిపోతారు. వాళ్లది ఒకచోట చిరుగు కాదు. చీరంతా పిగిలిన పరిస్థితి. వాళ్ల మోకాలికి ఈ నాటు పనికిరాదు.

సూదుల సంగతేమిటి?

పెద్దవాళ్లకు ఎక్కువగా చెబుతున్నది నాటు కాదు, ఇంజక్షన్లు. వీటిలో రెండు రకాలు ముఖ్యం.

ఒకటి పీఆర్‌పీ. రోగి రక్తమే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని మోకాలిలోకి ఎక్కిస్తారు. ఆస్ట్రేలియాలో 288 మంది మీద దీన్ని పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి ఉప్పునీరు. ఎవరికి ఏది వేశారో రోగులకు తెలియదు. ఏడాది తర్వాత చూస్తే నొప్పిలోనూ, పొర పరిమాణంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. గమనించాల్సిందేమంటే, ఉప్పునీరు ఎక్కించుకున్నవాళ్లకు కూడా నొప్పి తగ్గింది. పక్క ఖోలీ ఆయన "నాకు తగ్గింది" అంటే అబద్ధమాడుతున్నట్టు కాదు. ఆ తగ్గడం గుజ్జు పెరగడం వల్లేనని మాత్రం అనుకోకూడదు.

రెండోది మూలకణాలు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవాలి. బెంగళూరుకు చెందిన స్టెమ్‌ప్యూటిక్స్ సంస్థ ఆరోగ్యవంతులైన దాతల ఎముక మజ్జ నుంచి తయారుచేసిన కణాల మందుకు 2022లో మన దేశంలో అనుమతి వచ్చింది. అది రెండు, మూడు దశల అరుగుదలకే. నాలుగో దశకు కాదు. 146 మందిపై జరిగిన పరీక్షలో ఉత్తుత్తి సూది వేసినవాళ్ల కన్నా వీళ్లకు నొప్పి, బిగుతు ఎక్కువ తగ్గాయి. ఇది మంచి వార్తే. కానీ అరిగిన పొర మళ్లీ మొలిచిందని ఆ ఫలితాలు చెప్పలేదు.

అమెరికాలో దాదాపు 480 మంది మీద మూడు రకాల కణాల ఇంజక్షన్లను మామూలు స్టెరాయిడ్ సూదితో పోల్చారు. 2023లో వచ్చిన ఫలితం ప్రకారం ఏడాది తిరిగేసరికి ఏదీ స్టెరాయిడ్‌ను మించలేదు. మోకాలి అరుగుదలకు ఏ మూలకణ చికిత్సకూ అమెరికా ఔషధ సంస్థ ఇంతవరకు అనుమతి ఇవ్వలేదు.

పరిశోధన ఆగిపోలేదు. 2025 చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు వయసుతో పెరిగే ఓ ప్రొటీన్‌ను అడ్డుకుంటే ముసలి ఎలుకల్లో పొర మళ్లీ మందమైందని ప్రకటించారు. ఎలుకల నుంచి మనిషి దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. అంతదాకా 'గుజ్జు పెంచే సూది' అన్నది ఆశే, అంగట్లో సరుకు కాదు.

సగం వైద్యం ఖోలీలోనే

సరే, పాతికేళ్ల కుర్రాడికి నాటు సరిపోతుందని డాక్టరు తేల్చారనుకుందాం. కరపత్రంలో లేని మరో లెక్కుంది. నాటిన తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆ కాలి మీద పూర్తి బరువు పెట్టకూడదు. చంకకర్రలే గతి. రోజూ వ్యాయామం చేయించాలి. మామూలు పనికి నెలలు పడుతుంది. ఆటలకు, బరువు పనులకు ఏడాది దాకా ఆగాలి.

పదడుగుల ఖోలీ, వరండా చివర అందరికీ కలిపి మరుగుదొడ్డి, అదీ గొంతుక్కూర్చునేది. చంకకర్రలతో చెక్క మెట్లు. రోజు కూలీ మీద బతికే ఇంట్లో అన్ని నెలలు పని లేకుండా గడవాలి. ఇవన్నీ ఆపరేషన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడాలి. కొన్నాళ్లు కింది అంతస్తులో చుట్టాల ఇంట్లో ఉండే ఏర్పాటు, కుర్చీ కమోడ్, ఫిజియోథెరపీకి పోయి వచ్చే దారి ముందే చూసుకోవాలి. ఇవి కుదరకుండా లక్షలు పోస్తే నాటిన కణాలు నిలవవు.

మరి పెద్దవాళ్ల దారేది?

గుజ్జు మళ్లీ రాదన్నంత మాత్రాన నడక మళ్లీ రాదని కాదు. ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. నొప్పి అంతా పొర నుంచి వచ్చేది కాదు. పొరలో నరాలే లేవు కదా! చుట్టూ ఉన్న కండ, ఎముక, కీలు లోపలి తొడుగు నుంచి నొప్పి పుడుతుంది. వాటిని బాగుచేసుకోవచ్చు.

బ్రిటన్ సంస్థ నైస్ 2022లో ఇచ్చిన సూచనల్లో ముందు వరసలో ఉన్నవి వ్యాయామం, బరువు తగ్గడం. తొడ ముందు కండ గట్టిపడితే మోకాలి మీద భారం పంచుకుంటుంది. కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టే దాకా ఎత్తి ఉంచడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం వంటివి ఖోలీలోనే చేసుకోవచ్చు. మొదట ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుంటే మేలు. లావుగా ఉన్నవాళ్లు కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని అమెరికాలో 2005లో లెక్కగట్టారు.

గ్లూకోసమైన్ మాత్రల మీద నెలనెలా డబ్బు పోసేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో 1,583 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్రకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అన్నీ చేసినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి, నాలుగో దశ అరుగుదల ఉంటే కీలు మార్పిడి ఉంది. దానికి భయపడేవాళ్లు ఎక్కువ. "కోత పెట్టిస్తే మంచాన పడతం" అన్న మాట గల్లీల్లో పాతుకుపోయింది. కానీ మార్చిన మోకీళ్లలో నూటికి 82 పాతికేళ్లు నిలుస్తాయని 2019లో వివిధ దేశాల లెక్కలు కలిపి తేల్చారు. ధర మీద కూడా అదుపు ఉంది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలుకు కేంద్రం 2017 ఆగస్టులో పన్నులు కాక 54,720 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. ఆ తర్వాత ఆ నియంత్రణను పొడిగిస్తూ వచ్చింది. అది కీలు ధర మాత్రమే. ఆస్పత్రి ఖర్చు వేరు.

ఫాక్‌లాండ్ రోడ్ వాళ్లకు ఓ అదృష్టం ఉంది. ముంబయి సెంట్రల్ దగ్గర నాయర్ ఆస్పత్రి, బైకుల్లా వైపు జె.జె. ఆస్పత్రి, రెండూ దగ్గరే. రెండింట్లోనూ ఎముకల విభాగాలున్నాయి. కరపత్రం నంబరుకు ఫోన్ చేసే ముందు అక్కడి క్యూలో ఒక పూట నిలబడటం లాభం. మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన వర్తించే ఆస్పత్రుల్లో ఆరోగ్యమిత్రలు ఉంటారు. మీకు రాసిన చికిత్స పథకంలో ఉందో లేదో రేషన్ కార్డు చూపి వాళ్లనే అడగాలి. ఊళ్లో కార్డు ఉన్నవాళ్లు ఆరోగ్యశ్రీ కింద అక్కడేమైనా వీలుందేమో కనుక్కోవచ్చు.

డబ్బు కట్టే ముందు అడగండి

* నా మోకాలి అరుగుదల ఏ దశ? నిలబెట్టి ఎక్స్‌రే తీశారా? పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో సరిగా తెలియదు.

* నాది ఒకచోట గాయమా, కీలంతా అరుగుదలా?

* మీరిచ్చే మందు పేరేమిటి? దానికి కేంద్ర ఔషధ నియంత్రణ విభాగం అనుమతి ఉందా? ఉంటే ఏ జబ్బుకు, ఏ దశకు?

* ఇది పరీక్ష దశలో ఉన్న చికిత్స అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా? పరీక్షలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగి 'ట్రయల్' అంటే లేచి వచ్చేయాలి.

* పని చేయకపోతే తర్వాత దారేమిటి? రాతపూర్వకంగా ఇస్తారా?

* మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వస్తే ఇవేవీ అడుగుతూ కూర్చోవద్దు. అదే రోజు ఆస్పత్రికి పోవాలి.

ఎక్కేటప్పుడు మంచి కాలు..

కామాఠిపురా పునర్నిర్మాణం మాట కొన్నేళ్లుగా నడుస్తోంది. కొత్త భవనాలొస్తే లిఫ్టులొస్తాయి. కానీ లిఫ్టు వచ్చేదాకా మోకాలు ఆగదు. అప్పటిదాకా ఈ చెక్క మెట్లే.

ఫిజియోథెరపిస్టులు నేర్పే చిన్న సూత్రం ఒకటుంది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కర్ర పట్టుకుంటే నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, ఆగి, తర్వాతి మెట్టు. దీనికి ఖర్చు లేదు, కరపత్రం లేదు.

గాజులు చేతికే ఉంచుకుని పెద్దమ్మ రేపు నాయర్ ఆస్పత్రికి బయల్దేరితే చాలు. మనవడు చెయ్యి పట్టుకుని దింపితే ఇంకా మంచిది.